బెజవాడ ప్యానెల్‌కి హీటరెందుకు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ కాగితమైనా నా చేతిలో పడి కాస్త చిక్కితేనే దానికి అందం వస్తుందని. తర్వాత పత్రికలో చేరి, ఒకరు రాసినదాన్ని కత్తిరించడమే బతుకుతెరువైపోయాక ఆ నమ్మకం సడలుతూ వచ్చింది గాని, అప్పట్లో దానికి తిరుగు లేదు. డిగ్రీ మీద జర్నలిజం డిప్లొమా కూడా పూర్తిచేసి, పత్రికాఫీసుల పిలుపు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఫ్యాను కింద పడుకుని ఉన్న నన్ను మా మేనమామ గాల్‌బ్లాడర్‌లోని రాళ్ళు ఉన్నట్టుండి మేనేజరుని చేసేశాయి. ఆయనకి ఆటోనగర్‌లో కంట్రోల్ ప్యానెళ్ళు తయారుచేసే వర్క్‌షాపు ఉండేది. ప్యానెల్ అంటే ఎప్పుడూ చూడనివాళ్ళు ఒక ఇనప బీరువాని ఊహించుకుంటే చాలు. బట్టలుండాల్సిన చోట బ్రేకర్లూ రిలేలూ, తలుపుకి అద్దం ఉండాల్సిన చోట మీటర్లూ బటన్లూ రంగు దీపాలూ. మిల్లులో ఎన్ని మోటార్లున్నా వాటన్నిటి పగ్గాలూ ఆ బీరువా చేతిలోనే ఉంటాయి. ఆపరేషన్‌కి వెళ్తూ మామయ్య నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తే. "నువ్వేం చెయ్యొద్దురా. ఫోనెత్తు, అవునండీ అను, ఫోర్మన్ గారు చెప్పింది విను. కుర్చీ ఖాళీగా ఉంటే పార్టీలు కంగారుపడతారని కూర్చోమంటన్నా, అంతే." ఆ చివరి వాక్యాన్ని నేను వినలేదు. అంటే, విని మనసులోనే కొట్టేశాను.

ఫోర్మన్ గారి గురించి చెప్పాలి. భారీ మనిషి, బంగారు రంగు ఫ్రేము కళ్ళజోడు, మడత నలగని చొక్కా. ఆదివారాలు చర్చిలో పాటల బృందానికి ఆయనే పెద్ద గొంతు. వర్క్‌షాపులో ఆయన లేనప్పుడు అందరూ ఆయన్ని 'ఆమెన్ గారు' అనేవాళ్ళు. కారణం ఏమిటంటే, కొత్త ప్యానెల్‌కి తొలిసారి కరెంటు ఇచ్చే ముందు ఆయన దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. ఆయన ఆమెన్ అన్నాకే ఎవరైనా స్విచ్ మీద చెయ్యి వెయ్యాలి. మామయ్య అదే ప్యానెల్‌కి పొద్దున్నే బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించేవాడు. ఇవన్నీ అయ్యాక కూడా మెగ్గర్ పెట్టి చూసేవాళ్ళు. (దేవుళ్ళు ఒప్పుకున్నా దాని సంతకం దానిదే.) తీగల్లోంచి కరెంటు పక్కదారి పట్టే ప్రమాదం ఉందా అని కొలిచే చిన్న పెట్టె అది. లోపల ఎక్కడన్నా చెమ్మ చేరితే దాని ముల్లు కిందికి వాలిపోతుంది. ముల్లు కింద ఉండగానే కరెంటు ఇచ్చేస్తే ఏమవుతుందని అడిగాను ఒకసారి. "దీపావళి అండీ" అన్నారు ఫోర్మన్ గారు, నవ్వకుండా.

నేను మేనేజరుగిరీ వెలగబెడుతున్న ఆ కాలంలో పెద్ద పని ఒక్కటే. ఉయ్యూరు అవతల ఒక రైస్ మిల్లు వారికి వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ ఉంది. దాని పాత ప్యానెల్ కాలిపోయింది. కొత్తది మేం కట్టివ్వాలి. మామయ్య ఆసుపత్రికి వెళ్ళకముందే డ్రాయింగ్ గీసి పెట్టాడు. నాకు అందులో తొంభై పాళ్ళు అర్థం కాలేదు గాని, మేనేజరన్నాక ఏదో ఒకటి చెయ్యాలి గదా అని ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఒకచోట తెలిసిన మాట కనబడింది. హీటరు.

"ఫోర్మన్ గారూ, ప్యానెల్లో హీటరేంటండీ?"

"లోపల కాస్త వెచ్చగా ఉంటానికండీ. చిన్నదే."

"వెచ్చగానా? బెజవాడలోనా? మన షెడ్డులో రేకుల కింద మనమే ఉడికిపోతన్నాం. బెజవాడలో పుట్టిన ప్యానెల్‌కి మళ్ళీ హీటరెందుకండీ?"

"అది ఎండకీ చలికీ కాదండీ, చెమ్మకి. మీ మామయ్యగారు ప్రతి ప్యానెల్లోనూ పెడతారు."

"మామయ్యది పాత పద్ధతి" అని ఆ మాట మీద అడ్డంగా ఒక గీత గీశాను. ఎర్ర పెన్ను కాగితం మీద జారుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఫోర్మన్ గారు ఇంకో మాట అంటారేమోనని చూశాను. ఆయన ఆ గీత వంకా, ప్యానెల్ వంకా మార్చి మార్చి చూసి ఊరుకున్నారు. ఆయన బలహీనత నాకు తర్వాత తెలిసింది. తీగల్ని జడ అల్లినట్టు వరసగా, ఒక్క వెంట్రుక బయటికి రాకుండా సర్దడం ఆయనకి పిచ్చి. హీటరు లేకపోతే ఆ అల్లిక కింది దాకా సూటిగా దిగుతుంది. అందుకని నా తెలివితక్కువతనానికి ఆయన కళాపోషణ తోడైంది. హీటరు బిగించాల్సిన చోట రెండు బెజ్జాలు మాత్రం ఖాళీగా మిగిలాయి. ఆ హాస్యం నాకే ఎంత నచ్చిందంటే, మిల్లాయన ఫోన్ చేసినప్పుడు ఆయనకీ చెప్పాను. "బెజవాడ ప్యానెల్ అండీ, హీటరు అక్కర్లేదు" అని. ఆయన కూడా పెద్దగా నవ్వాడు.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. కోతలు ముమ్మరంగా సాగుతున్నప్పుడు సముద్రంలో అల్పపీడనం పట్టింది. డెల్టాలో ఆ వార్త వింటే పొలం లేనివాడు కూడా ఆకాశం వంక చూస్తాడు. కోసిన పనలు కోసినట్టే తడిశాయి. నూర్చిన వడ్లని జనం ట్రాక్టర్ల మీద మిల్లుకి తోలుకొచ్చి ఆవరణలో రాశులు పోసి, పట్టాలు కప్పి కూర్చున్నారు. మిల్లాయన ఫోన్లలో నవ్వు పోయి, తర్వాత మర్యాద కూడా పల్చబడింది. "బాబూ, రాశిలో చెయ్యి పెడితే వేడి కొడతంది. ఇంకో రెండ్రోజులు పోతే మొలకలొచ్చేస్తయ్. వీళ్ళంతా నా గుమ్మంలో కూర్చున్నారు. మీ ప్యానెల్ కాదు గాని మా ప్రాణం తీస్తన్నారయ్యా." నేను అవునండీ అన్నాను. మామయ్య నేర్పిన విద్యల్లో అదొక్కటే అక్కరకొచ్చింది.

చివరికి ప్యానెల్‌ని మినీ లారీ ఎక్కించి, నేనూ ఫోర్మన్ గారూ డ్రైవరు పక్కన ఇరుక్కుని బయల్దేరాం. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగినప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, పట్టా కప్పుకుని తాళ్ళు కట్టుకుని అది పెళ్ళికి వెళ్తున్న పెద్దమనిషిలా నిలబడి ఉంది. సన్నగా చినుకులు. కంకిపాడు దాటేసరికి చినుకు జల్లయింది. దారంతా నాకొకటే దిగులు, పట్టాలో చిల్లుందేమోనని. మిల్లుకి చేరగానే విప్పి చూశాం. చుక్క తడి లేదు. ఆ సాయంత్రం దాన్ని డ్రయ్యర్ పక్క గదిలో దింపి, కేబుళ్ళన్నీ కలిపి, మెగ్గర్ పెడితే ముల్లు దర్జాగా పైకి లేచి నిలబడింది. అప్పుడే స్విచ్ వేసేస్తే ఈ కథ ఉండేది కాదు. "రేపు పొద్దున ముహూర్తం పెట్టించామండీ, మా అమ్మ చేత్తో వేయిద్దాం" అన్నాడు మిల్లాయన. రైతుల్లో ఒకాయన "వడ్లకి ముహూర్తం తెలవదుగా" అని గొణిగాడు గాని, పెద్దావిడ మాటకి అక్కడ ఎదురు లేదు.

ఆవిడని ఊరంతా మామ్మగారు అంటారు. పొడుగ్గా, బక్కపల్చగా, తెల్లటి నూలు చీరలో చాలా శ్రద్ధగా తయారై వచ్చింది మర్నాడు. వెనక పంతులుగారు, కోడలు, పసుపు, కుంకుమ, పూలు, కొబ్బరికాయ, మామిడాకులు వేసిన ఇత్తడి చెంబు. సరిగ్గా అప్పుడే మా ఫోర్మన్ గారు ప్యానెల్ తలుపు బార్లా తెరిచి రైతులకి తన అల్లిక చూపిస్తున్నారు. ("తీగ తీగకీ నంబరుందండీ, చీకట్లో తడుముకున్నా దొరుకుద్ది.") మామ్మగారు కూడా చూసి, "అబ్బ, ఎంత పొందిగ్గా సర్దావయ్యా" అంది. మెచ్చుకోలు పడగానే ఆయన మొహం విచ్చుకుంది, తలుపు మాత్రం తెరిచే ఉండిపోయింది. పంతులుగారు మంత్రం అందుకున్నారు. మామ్మగారు చెంబులో మామిడాకులు ముంచి ప్యానెల్ మీద చల్లింది. బయట చల్లింది, తలుపు మీద చల్లింది. తర్వాత, అసలు దేవుడు లోపల ఉంటాడు గదా అన్నట్టు, లోపల చల్లింది. ఆకులతో తృప్తి కలగలేదేమో, చెంబే వొంచింది. కొబ్బరికాయ ప్యానెల్ కింది ఇనప పీఠానికే కొట్టారు. నీళ్ళు కేబుళ్ళు లోపలికెళ్ళే సందులోకి చిమ్మాయి. నేను చేతులు జోడించి నిలబడ్డాను. నోరు తెరుద్దామనుకున్నాను. ఎవరి తల్లి పూజ చేస్తుంటే ఎవడు ఆపగలడు? ఫోర్మన్ గారి వంక చూశాను. ఆయన కళ్ళు మూసుకోలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

పూజ కాగానే ఆయన ఏదో బోల్టు బిగిస్తున్నట్టు వంగి మెగ్గర్ పెట్టారు. నిన్న దర్జాగా నిలబడ్డ ముల్లు ఇవాళ మంచం పట్టింది. గబగబా పొడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టారు. కాస్త కదిలి మళ్ళీ పడుకుంది. అసలే గాలి నిండా చెమ్మ.

"ఒక్కసారి ఆన్ చేసి చూద్దామా ఫోర్మన్ గారూ?" అన్నాను గుసగుసగా.

"చూడ్డానికి తర్వాత మనం ఉండాలి గదండీ" అన్నారాయన అంతే గుసగుసగా. తర్వాత ఆ రెండు ఖాళీ బెజ్జాల మీద వేలు పెట్టి, "ఇక్కడుండాల్సిందండీ అది" అన్నారు.

నా పరిస్థితి ఆలోచించండి. నీళ్ళు పడ్డాయని చెబితే, మామ్మగారి పూజే ప్యానెల్‌ని పాడుచేసిందని నలుగురిలో అన్నట్టు. ఆ మాట పుడితే అది ప్యానెల్ దగ్గర ఆగదు, అపశకునం అంటారు, ఉయ్యూరు దాకా పోతుంది. చెప్పకుండా స్విచ్ వేస్తే దీపావళి. ఏదీ చెయ్యకుండా కూర్చుంటే బయట రాశులు మొలకెత్తుతాయి, మామయ్య పాతికేళ్ళు సంపాదించుకున్న పేరు కుట్లు విప్పకముందే పోతుంది. అన్నిటికంటే చిత్రం ఏమిటంటే, వడ్లు ఆరబెట్టడానికి చేసిన ప్యానెల్‌ని ముందు మేం ఆరబెట్టుకోవాలి. ముహూర్తం దగ్గర పడుతోందని పంతులుగారు గడియారం చూపించారు. గొంతు సవరించుకుని మిల్లాయనతో అన్నాను, "ప్యానెల్ కొంచెం వేడెక్కాలండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "వేడెక్కాలా? బెజవాడలో పుట్టిన ప్యానెల్ అన్నారుగా మీరే?"

నా జన్మలో నేను వేసిన హాస్యాల్లో అంత భద్రంగా దాచి తిరిగి ఇచ్చినవాడు ఆయన ఒక్కడే.

"లోపల రెండు బల్బులు వెలిగించి పెడితే సరిపోద్దండీ" అని ఫోర్మన్ గారు నన్ను ఒడ్డుకి లాగారు. "పాతకాలం గుండ్రటి బల్బులు కావాలి. ముట్టుకుంటే చుర్రుమనేవి." మిల్లంతా వెతికారు. అన్నీ తెల్లటి కొత్తరకం దీపాలే. వెలుగు బ్రహ్మాండం, వేడి సున్నా. ప్రపంచం అంతా వేడి లేని దీపాలకి మారిపోయిన సంగతి నాకు ఆ పూట తెలిసింది. కోడలు గారి హెయిర్ డ్రయ్యర్ తెచ్చారు, అది రెండు నిమిషాలు ఊది కాలిన వాసన కొట్టి ఊరుకుంది. మామ్మగారు "సాంబ్రాణి పొగ వేద్దామా, బాలింతల జుట్టు ఆరబెట్టినట్టు" అంటే ఫోర్మన్ గారు ఆమె కాళ్ళ మీద పడినంత పని చేశారు. అప్పుడు నిన్న ముహూర్తాన్ని విసుక్కున్న రైతే లేచాడు. "మా బావమరిదికి కోళ్ళ షెడ్డుంది. పిల్లలకి వెచ్చగా ఉంటానికి వేసే బల్బులు అక్కడ ఖాళీగా పడున్నయ్. ఇప్పుడే తెస్తా" అని మోటార్‌సైకిలెక్కి వానలో వెళ్ళిపోయాడు.

ఆయన తిరిగొచ్చేదాకా నేను చెయ్యగలిగింది పంతులుగార్ని ఆపడం ఒక్కటే. ఆయన ఆగేట్టు లేరు. "ఘడియలు దాటిపోతున్నాయండీ, ఇంక వేయించండి" అన్నారు. ఫోర్మన్ గారు ప్యానెల్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అది నా అనుభవంలో అతి పొడవైన ప్రార్థన. ఆసుపత్రిలో మామయ్య కోసం, మిల్లు కోసం, రాశుల కోసం, రైతుల కోసం, రైతుల పశువుల కోసం, పంతులుగారి ఆరోగ్యం కోసం, ఉయ్యూరు చెరకు పంట కోసం, (నా వైపు ఓ కన్ను తెరిచి) చిన్నవాళ్ళకి వివేకం కోసం. పంతులుగారు అసహనంగా కదిలారు. మామ్మగారు ఆయన్ని చేత్తో ఆపింది. "ఆగండి. మన పూజ మనం చేసుకున్నాం. ఆయనది కానీండి."

కోళ్ళ కోసం ప్రార్థన కూడా మొదలవబోతుండగా మోటార్‌సైకిలు శబ్దం వినబడింది. ఫోర్మన్ గారు వాక్యం మధ్యలో ఆపకుండానే చెయ్యి వెనక్కి చాచారు. నేను బల్బులు అందించాను. హీటరు బెజ్జాలకే తీగ కట్టి, హోల్డర్లు వేలాడదీసి, మిల్లు ఇంటి లైనులోంచి చిన్న స్విచ్ బోర్డు లాగి, ముహూర్తం దక్కేలా దాన్ని మామ్మగారి ముందు పెట్టారు. అప్పుడు, గదంతా మోగేలా, "ఆమెన్."

మామ్మగారు స్విచ్ నొక్కింది. ప్యానెల్ లోపల పసుపచ్చటి వెలుగు పరుచుకుంది. జడ అల్లికలన్నీ మెరిశాయి. చప్పట్లు కొట్టారు. అందరూ డ్రయ్యర్ వైపు తిరిగారు. అది కదల్లేదు.

"ఫ్యాను తిరగట్లా?" అన్నారెవరో.

మామ్మగారే అందుకుంది. "పొయ్యి వెలిగించగానే అన్నం ఉడుకుద్దా? దీపం పెట్టాం. అది సర్దుకుని లేచిద్దిలే. మీరంతా పోయి భోజనాలు చెయ్యండి."

మధ్యాహ్నం అంతా ఆ గది ముందే పచార్లు చేశాను. వాన పట్టాల మీద దబదబా కొడుతోంది. రైతులు తినడానికి వెళ్ళి, తిని, తిరిగొచ్చి, ప్యానెల్ కంటే నన్నే ఎక్కువగా చూస్తున్నారు. విస్తరిలో వంకాయ కూర, ముద్దపప్పు, ఆవకాయ వేశారు గాని మెతుకు దిగలేదు. ఫోర్మన్ గారు మాత్రం మూడోసారి మజ్జిగ పోయించుకున్నారు. అప్పుడే మామయ్య ఫోను.

"ఏరా, స్టార్టయిందా?"

"దీపం వెలిగింది మామయ్యా."

"ఏ దీపం?"

"లోపల."

"ఫోర్మన్ గారున్నారా పక్కన?" అన్నాడు. ఉన్నారన్నాను. "అయితే సరే. నువ్వు దేన్నీ ముట్టుకోకు" అని పెట్టేశాడు. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషికి చేరవేసిన ఆ కబురే నా విలేకరి జీవితంలో తొలి వార్త. విషయం లేదు, భయం మాత్రం పూర్తిగా చేరింది.

ముల్లు లేస్తూ వచ్చింది. ఎంత నెమ్మదిగా అంటే, ఆ కదలిక నిజమో నా కోరికో తెలియలేదు. వాన కొంచెం తెరిపిచ్చిన వేళ ఫోర్మన్ గారు ఇంకోసారి పెట్టి చూసి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, మళ్ళీ చూసి, బల్బులు విప్పారు. ఈసారి ప్రార్థన చాలా చిన్నది. నాకు ఆమెన్ ఒక్కటే వినబడింది. ఆ మాటని నేను కూడా అన్నాను, కొంచెం పెద్దగానే. మెయిన్ స్విచ్ వేశారు. బటన్ నొక్కారు. పెద్ద ఫ్యాను ఒక మూలుగు మూలిగి, ఊపందుకుని, గది గోడలు అదిరేలా తిరగడం మొదలెట్టింది. కాసేపటికి డ్రయ్యర్ నోట్లోంచి వెచ్చటి గాలి, దాంతోపాటు తడి వడ్ల వాసన. రైతులు ఒక్కొక్కరూ వచ్చి ఆ గాలిలో చేతులు పెట్టి చూసుకున్నారు. బల్బులు తెచ్చినాయన అలాగే నిలబడి రెండు అరచేతులూ అటూ ఇటూ తిప్పుకున్నాడు. మొదటి ట్రాక్టర్‌ని డ్రయ్యర్ వైపు వెనక్కి తిప్పారు.

నేను గోడవార చతికిలబడ్డాను. మామ్మగారు పక్కకొచ్చి నిలబడింది.

"ఆరిందా నాయనా?"

"ఇప్పుడేగా మొదలైంది మామ్మగారూ. మొదటి రాశి ఆరటానికే తెల్లారిద్ది."

"వడ్లు కాదయ్యా. నీ బీరువా." ఆవిడ నవ్వకుండానే అంది. "చెంబు వొంచేసినాక చూశా, మీ ఫోర్మన్ మొహం. అప్పుడే తెలిసింది తప్పు పని చేశానని. నిన్నడుగుదామనుకున్నా గాని, నీ మొహం చూస్తే ఏడ్చేట్టున్నావ్. సరే, ఏదో ఒకటి మీరే చేసుకుంటారని ఊరుకున్నా."

ఆ పూటంతా నేను ఆవిడ దగ్గర దాచిన రహస్యాన్ని ఆవిడ నా దగ్గర దాచిపెట్టింది.

మామయ్య ఇంటికొచ్చాక డ్రాయింగ్ అడిగి తీసుకుని, నా ఎర్ర గీత చూశాడు. దాని పక్కనే మళ్ళీ 'హీటరు' అని రాసి కింద రెండు గీతలు గీశాడు. తర్వాత ఫోర్మన్ గారు ఉయ్యూరు వెళ్ళి, ఆ ఖాళీ బెజ్జాల్లో దాన్ని బిగించి వచ్చారు. వర్క్‌షాపులో నాకు మాత్రం 'హీటరు గారు' అని పేరు పడింది. పత్రికలో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్ళినప్పుడు కూడా ఆ పేరుతోనే సాగనంపారు.

ఆ ఉద్యోగంలో నా చేతికి మళ్ళీ ఎర్ర పెన్నే ఇచ్చారు. ఇప్పుడది కంప్యూటర్ మీట అయింది గాని పని అదే. ఏ పల్లెటూరి విలేకరో పంపిన కథనంలో, విషయానికి సంబంధం లేకుండా మధ్యలో ఒక వాక్యం ఉంటుంది. వాన వెలిసిందనో, పెద్దావిడ గడప మీద కూర్చుందనో. ఇదెందుకు ఇక్కడ అని వేలు మీట మీదికి వెళ్తుంది. వెళ్ళి ఆగుతుంది. ఇది హీటరేమో అనిపిస్తుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు వెనకనుంచి, "సార్, ఈ లైను అవసరమా?" అంటారు. "ఉండనీ" అంటాను. ఎందుకో చెప్పను. బెజవాడలో పుట్టి, చెమ్మ సంగతి అంత ఆలస్యంగా తెలుసుకున్నానని వాళ్ళకి ఎలా చెప్పను?